టైటానియం మడత కత్తి: ఉప్పుగాలి ఊళ్లలో విప్పి కడిగి బిగించే పద్ధతి

టైటానియానికి తుప్పు పట్టదు. ఆ ధీమాతోనే అంతర్వేది, ఓడలరేవు వైపు వేలు పోసి కొన్న మడత కత్తిని చాలామంది ఏళ్ల తరబడి విప్పరు. పిడి కొత్తదానిలాగే ఉంటుంది. లోపలున్న ఇరుసు, స్క్రూలు, బేరింగులు, బ్లేడు మాత్రం ఉక్కువి. ఉప్పు తినేది వాటినే.

పిడికి ఎక్కువగా వాడేది గ్రేడ్ 5 టైటానియం. అందులో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి. వంచితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది కాబట్టి పిడి పలకలోనే నాలుకలా గాటు కోసి, ఆ నాలుకనే లాక్‌గా వాడతారు. ఇదే ఫ్రేమ్ లాక్. కత్తుల తయారీదారు క్రిస్ రీవ్ చేసిన సెబెంజా అనే మడత కత్తితో దీనికి పేరొచ్చింది. బ్లేడు తెరవగానే నాలుక పక్కకు జరిగి దాని వెనక అడ్డంగా నిలుస్తుంది. టైటానియం ఉక్కుతో రాసుకుంటే పట్టేస్తుంది. అందుకే మంచి కత్తుల్లో నాలుక చివర గట్టి ఉక్కు ముక్క బిగిస్తారు. ఆ ముక్క వెనక సందులోకి చేరిన ఉప్పునీరు ఓ పట్టాన ఆరదు. నాలుక లోపలివైపు చిన్న గుండు కూడా ఉంటుంది. కత్తి మూశాక అది బ్లేడు మీది గుంటలో కూర్చుంటుంది. ఆ గుంటలో ఒండ్రు నిండితే పట్టు తగ్గి, కత్తి జేబులోనే తెరుచుకోవచ్చు.

విప్పే ముందు వారంటీ కాగితం చదవండి, విప్పితే వారంటీ చెల్లదనే కంపెనీలున్నాయి. స్క్రూలకు సాధారణంగా టి6, టి8 సైజు టార్క్స్ (ఆరు కోణాల నక్షత్రం మొన) బిట్లు సరిపోతాయి. బిట్ గాడిలో పూర్తిగా దిగాకే తిప్పండి. వదులుగా ఉన్న బిట్‌తో తిప్పితే గాడి గుండ్రంగా అరిగిపోతుంది. స్క్రూ కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను దాని తలమీద అర నిమిషం ఆనించండి, లోపలి థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పూసే జిగురు) మెత్తబడుతుంది. మంట మాత్రం చూపొద్దు, టైటానియం రంగు మారిపోతుంది. ముందు క్లిప్పు, తర్వాత పిడి స్క్రూలు, చివరగా ఇరుసు తీయండి. వాషర్లు ఏ వైపువి ఆ వైపే పెట్టండి.

కడగడమే అసలు పని. ఉప్పు నూనెలో కరగదు. కడక్కుండా నూనె వేస్తే ఉప్పు దాని కిందే ఉండిపోతుంది. గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆఖరిసారి జాడించడానికి తాగే క్యాన్ నీళ్లే వాడండి. ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి.

కొబ్బరినూనె ఇంట్లో చేతికందేలా ఉన్నా దీనికి పనికిరాదు. చలికాలం పేరుకుంటుంది, రోజులు గడిస్తే జిగురవుతుంది. కుట్టుమిషన్ నూనె వాషర్‌కు ఒక్క చుక్క వేయండి. ఎక్కువైతే కొబ్బరి పీచు దుమ్ము, రొయ్యల మేత పొడి అంటుకుంటాయి. లాక్ ఆనుకునే చోట నూనె తగలకూడదు, జారుతుంది.

ఇరుసు స్క్రూ మరకు నీలం థ్రెడ్‌లాకర్ ఆవగింజంత చాలు. ఎరుపు రకం వద్దు, మళ్లీ విప్పాలంటే నరకమే. బ్లేడు పక్కలకు ఊగకుండా, తెరిచేటప్పుడు పట్టేయకుండా ఉండే చోట ఇరుసు ఆపి, అప్పుడు పిడి స్క్రూలు బిగించండి. తెరిచి చూస్తే నాలుక బ్లేడు మందంలో మూడో వంతు నుంచి సగం దాకా రావాలి. అవతలి అంచుదాకా వెళ్లిందంటే అరిగినట్టే, ఆ కత్తితో బలంగా కోయొద్దు. లాక్ తీసేటప్పుడు నాలుకను అవసరానికి మించి బయటికి నెట్టకండి, స్ప్రింగు బలం తగ్గుతుంది.

కొత్తగా కొనేవారు పిడికన్నా బ్లేడు ఉక్కును ముందు చూడాలి. డి2 రకం ఉక్కు ఇక్కడి గాలికి త్వరగా మచ్చలు పడుతుంది. 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు మేలు. లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన ఈ ఉక్కులో క్రోమియం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా (కార్బైడ్లుగా) మారకుండా, తుప్పును ఆపడానికే మిగులుతుంది. దానికి సాన పట్టడానికి డైమండ్ ప్లేటు మేలు, ఒక్కో వైపు 18 డిగ్రీల కోణం బాగుంటుంది. ఎంత మంచి ఉక్కయినా బొండాం నరికితే అంచు పెచ్చులూడుతుంది, అది బరువైన కత్తి పని.

రొయ్యల చెరువులో చల్లే బ్లీచింగ్ పౌడర్ తగిలితే మాత్రం సాయంత్రం దాకా ఆగొద్దు, అక్కడికక్కడే మంచినీళ్లతో కడగండి. క్లోరిన్ స్టెయిన్‌లెస్ మీద కూడా సూది పొడిచినట్టు గుంటలు చేస్తుంది. తీరం ఊళ్లలో నెలకోసారి, రాజమండ్రి వైపు మూడు నాలుగు నెలలకోసారి విప్పితే సరిపోతుంది. వాడనప్పుడు తోలు ఒరలో పెట్టొద్దు, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. పొడి గుడ్డలో చుట్టి పెట్టండి.