మిల్టన్ చదువుదాం – 4వ పాఠం: సైతాను డాలు, గెలీలియో చంద్రుడు

కిందటి పాఠంలో ఇంగ్లీషు కవి మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’ మొదటి సర్గలో, స్వర్గం నుంచి పడిపోయిన సైతాను మంటల సరస్సులోంచి లేచేదాకా వచ్చాం. ఈసారి ఒక్క ఉపమ దగ్గరే ఆగుదాం. 284 నుంచి 291వ పంక్తి దాకా రెండుసార్లు పైకి చదవండి. అర్థం కాని మాటలుంటే టెన్షన్ వద్దు, చదువుతూ పోండి.

బడిలో నేర్చుకున్న ఉపమాలంకారమే మనకు పనికొస్తుంది. ఉపమేయం సైతాను డాలు, ఉపమానం చంద్రుడు, సమానధర్మం గుండ్రంగా, పెద్దగా ఉండటం. పోలిక అక్కడితో సరిపోవాలి. మిల్టన్ మాత్రం ఆపడు. ఆ చంద్రుణ్ణి ఎవరు, దేనితో, ఏ కొండ మీద నుంచి చూస్తున్నారో కూడా చెబుతాడు. పోలికకు అవసరం లేకుండా మిగిలిన ఈ మాటల కింద గీత గీయండి. కవి మనసు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

టెలిస్కోప్‌తో చూస్తున్నవాడు ఇటలీలోని టస్కనీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో. చంద్రుడి మీద కొండలు, లోయలు ఉన్నాయని 1610లో పుస్తకం వేశాడు. ఆకాశంలోని గోళాలన్నీ నున్నగా, లోపం లేకుండా ఉంటాయని అరిస్టాటిల్ మాట మీద నమ్మిన పండితులకు అది పెద్ద దెబ్బ. భూమి తిరుగుతుందన్న వాదాన్ని సమర్థించినందుకు 1633లో రోమ్‌లో చర్చి అతనికి శిక్ష వేసింది. 1638–39లో ఇటలీ తిరిగిన మిల్టన్, బందీగా ఉన్న ఆ ముసలాయన్ని కలిశానని 1644లో రాశాడు. పుస్తకం అచ్చుకు ముందే అనుమతి తీసుకోవాలన్న చట్టాన్ని ఎదిరించిన రచన అది. 1667లో ఈ కావ్యం వెలువడేసరికి మిల్టన్‌కూ చూపు లేదు. చివరి రోజుల్లో గెలీలియోకూ లేదు. ఈ పంక్తులు చదివినప్పుడల్లా నాకు ఆ ఇద్దరూ కలిసే గుర్తొస్తారు.

మరి ఆ చంద్రుణ్ణి సైతాను భుజానికే ఎందుకు తగిలించాడు? సైన్సును తక్కువ చేయడానికని నేను అనుకోను. దూరపు కొండలు నునుపు అంటాం కదా, టెలిస్కోప్ ఆ నునుపును పోగొట్టింది. ఒకప్పటి దేవదూత సైతాను కూడా దూరానికి ఇంకా వెలుగుతూనే ఉంటాడు, దగ్గరికెళ్తే మచ్చలు. దేవదూత స్వర్గం నుంచి దిగజారడం, అంటే పతనమనే మత భావనకు కొత్త ఖగోళశాస్త్రం ఇలా కంటికి కనిపించే రూపం ఇచ్చింది.

అభ్యాసం: ఐదో సర్గ 261–263 పంక్తులు తీయండి. అక్కడ గెలీలియో పేరే వస్తుంది, కానీ అతని అద్దం (టెలిస్కోప్) కన్నా దేవదూత చూపే స్పష్టమైనదంటాడు కవి. ఉపమేయం, ఉపమానం విడదీసి, మిగిలిన మాటలు రాసుకోండి. మొదటి సర్గలో గెలీలియో మీద ఉన్న గౌరవం ఇక్కడ తగ్గిందా? ఐదు వాక్యాల్లో రాసి దగ్గర పెట్టుకోండి. తిరిగేది భూమా, సూర్యుడా అన్న ఆదాము సందేహంతో ఎనిమిదో సర్గ మొదలుపెట్టేటప్పుడు అది కావాలి.