కథలో కుక్క విశ్వాసాన్ని నమ్మించేలా రాయడం

కుక్కకు విశ్వాసం ఎక్కువని పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే ఆ మాట చుట్టూ అల్లిన కథ సగంలోనే చప్పబడిపోతుంది. రాయడం మొదలుపెట్టకముందే రెండు విషయాలు తేల్చుకోండి: కుక్క ఈ మనిషి మీద దేనికి ఆధారపడింది? మనిషి కుక్క మీద దేనికి ఆధారపడ్డాడు? జవాబుల్లో ప్రేమ అనే మాట రానివ్వకండి. తిండి, కాపలా, చీకట్లో తోడు, ఇంట్లో తన మాట వినే ఒకే ఒక్క ప్రాణి... ఇలా పట్టుకుని చూపించగలిగేవే రాసుకోండి. రెండో ప్రశ్నకు జవాబు దొరకలేదంటే కుక్క మీ కథకు ఇంకా అలంకారమే.

హోమర్ రాసిన ప్రాచీన గ్రీకు కావ్యం ఒడిస్సీ 17వ సర్గలో ఆర్గోస్ అనే కుక్క ఘట్టం చదివి, అందులోని పనితనాన్ని విప్పి చూడండి. 20 ఏళ్ల తర్వాత యజమాని బిచ్చగాడి వేషంలో ఇల్లు చేరతాడు. ముసలి కుక్క పెంటకుప్ప మీద, ఒళ్లంతా పిడుదులతో పడి ఉంటుంది. యజమాని లేని ఇంట్లో దాని గతేమైందో ఆ ఒళ్లే చెబుతుంది. గుర్తుపట్టాక అది చేసేవి రెండే: తోక ఆడిస్తుంది, చెవులు వాలుస్తుంది. లేచి రాలేదు. దగ్గరికెళ్తే వేషం బయటపడుతుంది కాబట్టి ఆయనా వెళ్లలేడు. పక్కనున్నవాడు చూడకుండా కన్నీళ్లు తుడుచుకుంటాడు. ఇద్దరికీ అడ్డు ఉంది, ఆ అడ్డే సన్నివేశాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత కుక్క చావు చాలా క్లుప్తంగా ముగుస్తుంది. ఏడిపించాలని పేజీలకు పేజీలు చంపేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

విశ్వాసం కుక్కదే కానక్కర్లేదు. మహాప్రస్థానిక పర్వంలో పరీక్ష ధర్మరాజుకు. కుక్కను వదిలి రథమెక్కమని ఇంద్రుడంటాడు, ఆయన ఒప్పుకోడు. వదులుకోవాల్సింది స్వర్గం కాబట్టి ఆ నిరాకరణకు బరువొచ్చింది. మీ పాత్ర కుక్క కోసం ఏం పోగొట్టుకుంటుందో ముందే నిర్ణయించుకోండి. ఉద్యోగమో, అద్దె ఇల్లో, తోబుట్టువుతో మాటలో. కుక్క చివరికి యమధర్మరాజుగా తేలడం మాత్రం అక్కడికే చెల్లింది, మీరు అనుకరించకండి.

అన్నిటికంటే కష్టమైనది, యోగ్యుడు కాని మనిషి మీద విశ్వాసం. రష్యన్ రచయిత చెహోవ్ కథ 'కష్టాంక' (1887)లో పిల్లవాడు మాంసం ముక్కకు దారం కట్టి కుక్కకు పెడతాడు, మింగాక బయటికి లాగేసి నవ్వుతాడు. తర్వాత దొరికిన కొత్త యజమాని కడుపునిండా పెడతాడు, చక్కగా చూసుకుంటాడు. అయినా పాతవాళ్లు పిలవగానే అది వాళ్ల దగ్గరికే పరుగెత్తుతుంది. రచయిత తీర్పు చెప్పడు. మనకు మాత్రం కడుపులో తిప్పినట్టవుతుంది. పాత యజమాని మంచివాడని ఒక్క వాక్యం కలిపినా ఈ కథ చెడేది.

కుక్క కంటితో రాస్తుంటే ముందు వాసన, తర్వాత చప్పుడు, చివర చూపు. ఎరుపు, ఆకుపచ్చ దానికి సరిగా వేరుపడవు. నీలం, పసుపు తెలుస్తాయి. కాబట్టి పచ్చిగడ్డిలో ఎర్రబంతి ధగధగలాడకూడదు. పుట్టిన పిల్లకు సుమారు రెండు వారాల దాకా కళ్లు తెరుచుకోవు. మొదటిరోజే యజమాని ముఖం చూసిందని రాస్తే తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూస్తారు. వయసు లెక్క కూడా కాగితం మీద వేసుకోండి. మామూలుగా కుక్క బతికేది 10 నుంచి 13 ఏళ్లు. ఇతిహాసంలో ఆర్గోస్ 20 ఏళ్లు ఆగగలిగింది గానీ, ఇవాళ్టి కథలో కొడుకు బడిలో చేరినప్పుడు వచ్చిన కుక్క అతని పెళ్లినాటికి గంతులేస్తే నమ్మరు. పన్నెండో ఏట అది లేవడానికే తడుముకుంటుంది, మెట్ల దగ్గర ఆగిపోతుంది. ఆధారపడటం అప్పుడు తిరగబడుతుంది, ఎత్తుకెళ్లాల్సింది మనిషే. చాలామంది రచయితలు ఈ దశను దాటేస్తారు, నా దృష్టిలో అసలు కథ ఉన్నది ఇక్కడే.

చిత్తుప్రతి పూర్తయ్యాక విశ్వాసం, ప్రేమ, మూగజీవి అనే మాటలన్నీ కొట్టేసి మళ్లీ చదవండి. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ కుక్క చేత ఒక పని చేయించండి, లేదా దానికోసం మనిషి చేత చేయించండి.