సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డ్ కొనేముందు మీ ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి

మా మేనల్లుడు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాడు. వాడి పీసీలో ఐ5-6500 ప్రాసెసర్, హెచ్110 బోర్డు, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు ఉన్నాయి. చాలా ఇళ్ళలో ఇంచుమించు ఇదే సరుకు కాబట్టి దీన్నే లెక్కలోకి తీసుకుని చెబుతాను. "మావయ్యా, జీటీఎక్స్ 1080 ఒకటి చవగ్గా దొరుకుతోంది, తీసేసుకోమంటావా?" అని వాడు ఫోన్ చేశాడు. గేమ్ ఆడుతున్నప్పుడు కార్డు చేతులెత్తేస్తోందా, ప్రాసెసరా, అది చూశావా అని అడిగాను. చూడలేదట.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకుంటే గేమ్ నడుస్తుండగానే రెండింటి వాడకం తెర మీద కనబడుతుంది. జీపీయూ, అంటే కార్డులోని గ్రాఫిక్స్ చిప్, 97, 98 శాతంలో ఉంటే కార్డు మార్చాల్సిందే. జీపీయూ 60 దగ్గరే ఆగిపోయి ప్రాసెసర్ 100 కొడుతోందంటే ఎంత పెద్ద కార్డు పెట్టినా సెకనుకి వచ్చే ఫ్రేములు (తెర మీది బొమ్మలు) పెరగవు. ఇంకా అనుమానం ఉంటే రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించి చూడండి. ఫ్రేములు పెరగలేదా, ప్రాసెసర్ దగ్గరే ఆగిందన్నమాట. ఐ5-6500లో ఉన్నవి నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు). అదే సాకెట్‌లో ఎనిమిది థ్రెడ్ల ఐ7-6700 పాతది దొరికితే కూర్చుంటుంది. ర్యామ్ ఒకటే స్టిక్ ఉంటే ముందు రెండోది వేయండి. కొన్ని గేముల్లో వచ్చే కుదుపులు దానితోనే తగ్గిపోతాయి.

సరే, మావాడి విషయంలో కార్డుదే లోపమని తేలింది. అయినా కార్డుల వేట మొదలుపెట్టనివ్వలేదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి, పీసీకి కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ ఫొటో పంపమన్నాను. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. అది నమ్మకండి. కింద గడుల్లో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. మావాడిదాంట్లో 18 ఉంది. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసర్, కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే. ప్రాసెసర్‌కి 65 పోతే, ఫ్యాన్లకీ హార్డ్ డిస్క్‌కీ కొంత పోతే, 180 వాట్ల 1080కి ఏం మిగిలింది? మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ లైన్ మీద 35 ఆంపియర్లు దాటి ఉంటుంది. మీదాంట్లో లేకపోతే కొత్త ఎస్‌ఎంపీఎస్ ఖర్చును కార్డు ధరలో కలిపేసుకుని ఆలోచించండి. దాన్ని మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొనొద్దు. హార్డ్ డిస్క్‌కి కరెంటిచ్చే సాటా వైరుని కార్డుకి పెట్టే 6 పిన్‌గా మార్చే కన్వర్టర్ ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు, అవి కరిగిపోతాయి. యూపీఎస్ సంగతీ చూసుకోండి. 600 వీఏ అని రాసి ఉన్నవి మామూలుగా 360 వాట్లే ఇస్తాయి.

మానిటర్ వెనక ఒకసారి చూడండి. నీలం రంగు వీజీఏ పోర్టు ఒక్కటే ఉంటే ఈ కార్డులేవీ నేరుగా తగలవు. క్యాబినెట్‌లో కార్డుకి ఎంత పొడవు పడుతుందో టేపుతో కొలవండి.

ఇక ఏ కార్డు? 1080 వద్దన్నది కరెంటు కోసమే కాదు. జీటీఎక్స్ 10 సిరీస్‌కి కొత్త గేముల డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది, ఇకపై సెక్యూరిటీ అప్‌డేట్లే, అవీ 2028 అక్టోబర్ దాకా. జీటీఎక్స్ 1660 సూపర్ 125 వాట్లతో సరిపెట్టుకుంటుంది, కానీ మెమరీ 6 జీబీయే, రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా చూపించే పద్ధతి) హార్డ్‌వేర్ లేదు. నా ఓటు ఏఎండీ వాళ్ళ ఆర్ఎక్స్ 6600కి. 8 జీబీ, 132 వాట్లు, ఒక్క 8 పిన్ వైరు చాలు. ఇంకో లెక్క కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఆరో తరం ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. అంటే ఈ బోర్డు ఎన్నాళ్ళో ఉండదు, కార్డు మాత్రం తర్వాతి పీసీలోకి వెళ్తుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా కనబడినా పాత బోర్డులకి పనికిరాదు. అది బోర్డుతో నాలుగు లేన్ల (డేటా దారుల) మీదే నడుస్తుంది, పాత తరం స్లాట్ అయిన పీసీఐఈ 3.0లో 4 జీబీ మెమరీ నిండగానే చతికిలబడుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చేరుకోనిచ్చే సదుపాయం) కావాలి, మావాడిలాంటి బోర్డులో అది లేదు.

విశాఖలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు తప్పక చూడాల్సింది తుప్పు. లాసన్స్ బే కాలనీలోనో కిర్లంపూడిలోనో కిటికీలు తీసిన గదిలో నాలుగేళ్ళున్న కార్డు మీద ఉప్పుగాలి తన పని తను చేసుకుపోతుంది. మొబైల్ టార్చ్ వేసి మొదట వెనక ప్లేటు చూడండి, తర్వాత స్క్రూ తలలు, హెచ్‌డీఎంఐ పోర్టు లోపలి అంచు. ప్లేటు మీద నాలుగు గోధుమరంగు చుక్కలుంటే బేరానికి పనికొస్తాయి, అంతే. హీట్‌సింక్ రేకుల మధ్య తెల్ల పొడి, రాగి గొట్టాల మీద ఆకుపచ్చ పొర కనబడితే బోర్డు మీద కూడా చూడాలి. చిన్న చిన్న భాగాల కాళ్ళ దగ్గర ఆకుపచ్చగానో, తెల్లగా బూజులానో ఉంటే దండం పెట్టి వచ్చేయండి. ఇవాళ నడిచినా వానాకాలం దాటుతుందన్న నమ్మకం లేదు.

క్రిప్టో కాయిన్ల మైనింగ్‌కి వాడిన కార్డంటే అందరికీ టెన్షన్. ఈథీరియం మైనింగ్ 2022 సెప్టెంబర్ 15తోనే ఆగిపోయింది, అప్పటి కార్డు ఇప్పటికీ నిలబడిందంటే సగం పరీక్ష పాసైనట్టే. నాకు భయం వేడిగాలి కొట్టి బాగుచేసిన కార్డులంటేనే. చిప్ చుట్టూ జిగటగా ఫ్లక్స్ (సోల్డరింగ్‌కి వాడే పదార్థం) మరకలు, గోధుమరంగుకి మారిన బోర్డు, గీతలు పడ్డ స్క్రూలు, చింపిన సీరియల్ నంబర్ స్టిక్కర్, వీటిలో రెండు కనబడితే చాలు, వదిలేయండి.

ఆన్‌లైన్‌లో చూసిన ఒకాయన కార్డు తీసుకుని జగదాంబ జంక్షన్ దగ్గరికి వస్తానన్నాడు. అక్కడ ప్లగ్ ఎక్కడ పెడతాం బాబూ? అమ్మేవాళ్ళ ఇంట్లో, వాళ్ళ పీసీలోనే నడిపించి చూడాలి. "చల్లారాక ఆన్ చేద్దామండీ, నేను వచ్చేదాకా ఆపి ఉంచండి" అని ముందే చెప్పండి, వేడెక్కితేనే పనిచేసే కార్డులు కొన్ని ఉంటాయి. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరవండి. లోపల పాత చిప్ పెట్టి పేరు మార్చిన కార్డుల్ని అది నకిలీ అని చూపిస్తుంది. ఆర్ఎక్స్ 580 కొంటుంటే షేడర్లు (చిప్‌లోని చిన్న లెక్కింపు యూనిట్లు) 2304 ఉండాలి, 2048 ఉంటే అది పేరుకే 580. లేన్లు కూడా చూడండి. 6600కి 8 ఉండటం సహజం, 1660 సూపర్‌కి పూర్తి స్లాట్‌లో 16 రావాలి.

తర్వాత కార్డుని పూర్తి లోడ్‌లో నడిపించే ఫర్‌మార్క్ టెస్ట్ ఒక ఇరవై నిమిషాలు. మే నెలలో ఏసీ లేని గదిలో 80 డిగ్రీలు దాటినా కంగారు పడను. చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటైన హాట్‌స్పాట్‌కీ మామూలు టెంపరేచర్‌కీ మధ్య 25 డిగ్రీలు మించి తేడా ఉంటే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. తెర మీద రంగు చుక్కలో గడులో మెరిస్తే మెమరీ పోయినట్టే, ఇక బేరం అక్కర్లేదు.

ధర విషయంలో నా లెక్క ఒకటే. అదే స్థాయి కొత్త కార్డు ధరలో 60 శాతం దాటి అడిగితే కొత్తదే కొంటాను. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు షాపుల్లో పాత కార్డు తీసుకుంటే టెస్టింగ్ వారంటీ ఎన్నాళ్ళో బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట చెల్లదు. మావాడు చివరికి సీతమ్మధారలో ఒకాయన దగ్గర బిల్లుతో సహా 6600 తెచ్చుకున్నాడు, దాంతో పాటు కొత్త ఎస్‌ఎంపీఎస్. ఎన్విడియా నుంచి ఏఎండీకి మారుతున్నాడు కాబట్టి పాత డ్రైవర్లను డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో తీసేయించాను. 1050 టీఐ అప్పుడే అమ్మొద్దన్నాను, 6600తో ఒక వేసవి గడవనిమ్మన్నాను.