వైన్ రుచి నేర్చుకుందాం – 5వ భాగం: వయసు మళ్లిన బోర్డో

పోయిన భాగంలో కుర్ర బోర్డో, అంటే ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్, తాగాం కదా, నాలుకంతా వగరు పట్టేసి పళ్లు కూడా రంగు మారాయి. ఈసారి పాతికేళ్లు దాటినది. పోయాక్ 1996 అనుకోండి, అంటే 1996లో కోసిన ద్రాక్షతో చేసినది. జిరోండ్ నది ఎడమ గట్టున మెడాక్ అనే ప్రాంతంలో ఉన్న ఊరు పోయాక్, అక్కడ కాబర్నే సావిన్యోన్ అనే ద్రాక్షదే పెద్ద వాటా, దాని తొక్కలో వగరు ఎక్కువ కాబట్టే ఇన్నేళ్లు నిలబడుతుంది, పైగా 1996 ఎడమ గట్టు కాబర్నేకి బాగా కలిసొచ్చిన ఏడాది. లఫీట్, లతూర్, మూటాన్ అనే పేరుమోసిన షాటోలు (వైన్ తోటలు) మూడూ ఈ ఊరివే, ఆ రేట్లు చూసి బెదిరిపోకండి, 1855లో షాటోలని ఐదు తరగతులుగా పెట్టిన లిస్టులో ఐదో తరగతివి కూడా ఇక్కడ చాలానే ఉన్నాయి. అయినా చవకేం కాదు, ఆరుగురు కలిసి కొనుక్కోండి, తలా 100 ఎంఎల్ పైనే వస్తుంది, నేర్చుకోడానికి అది చాలు.

ముందు రోజే బాటిల్‌ని నిలబెట్టేయండి, మడ్డి అడుక్కి దిగాలి. పుస్తకాల్లో రూమ్ టెంపరేచర్ అంటే 16 నుంచి 18 డిగ్రీలు, మన ఇళ్లల్లో మే నెల సంగతి మీకు తెలిసిందే, అందుకే తెరిచేముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో, అదీ నిలబెట్టే. పాత కార్క్ పొడిపొడిగా రాలిపోతుంది, మామూలు స్క్రూ కంటే రెండు రేకులున్న ఓపెనర్ నయం.

ఇప్పుడు డికాంటర్‌లోకి, అంటే వెడల్పాటి గాజు కూజాలోకి, వంచడం. బాటిల్ మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టుకుని మెల్లగా, మధ్యలో ఆపకుండా పోయాలి, ఆపితే మడ్డి వెనక్కి ఊగి మొత్తం కలిసిపోతుంది. ముందు ఎర్రటి తేట ధార వస్తుంది, చివర్లో బాటిల్ భుజం దగ్గర్నుంచి సన్నటి పొగలాంటి గీత ఒకటి మెడలోకి పాకుతుంది, అది కనపడగానే ఆపేయండి. అడుగున కాస్త మిగిలిపోతే పోనీండి. కుర్ర వైన్‌లా గంటలు గంటలు డికాంటర్‌లో వదలొద్దు, దీనికి అంత ఓపిక లేదు, వెంటనే గ్లాసుల్లోకి.

తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడండి. మధ్యలో దానిమ్మ ఎరుపు, అంచు దగ్గర ఇటుక రంగు. రంగు పదార్థాలూ, వగరు ఇచ్చే టానిన్లూ ఏళ్ల తరబడి ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కిందకి దిగుతాయి, మనం వదిలేసిన మడ్డి చాలావరకు అదే, అందుకే రంగు పలచబడుతుంది, వగరూ మెత్తబడుతుంది.

గ్లాసు తిప్పకుండా ముందు వాసన చూడండి, తిప్పితే సన్నవాటిని మిస్ అవుతారు. దేవదారు చెక్క, పెన్సిల్ చెక్కినప్పటి వాసన, కాల్చని చుట్ట, తోలు, వాన పడ్డాక ఎండుటాకుల కింద మట్టి, పుట్టగొడుగులు, వీటి వెనకాల ఎక్కడో బ్లాక్ కరెంట్ అనే చిన్న నల్ల పండు. మొదట్లో ముక్కిపోయిన వాసన వస్తే కంగారొద్దు, ఓ పది నిమిషాల్లో పోవచ్చు. పోకపోగా తడిసిన అట్టపెట్టె వాసన ఇంకా పెరిగిందంటే మటుకు కార్క్ చెడగొట్టినట్టే, ఇక చేసేదేం లేదు.

చిన్న గుక్క తీసుకుని నోట్లో కాసేపు ఉంచండి. వగరు ఇప్పుడు చిగుళ్ల దగ్గర సన్నగా తగులుతుంది, అది తగ్గింది కాబట్టి పులుపు ముందుకొస్తుంది. ఇక్కడే అసలు ప్రశ్న: ఆ పులుపు కింద పండు ఇంకా ఉందా లేదా? మింగాక కూడా తీపి ఛాయ ఒకటి నిలిస్తే వైన్ బతికే ఉంది, ఖాళీ పులుపొక్కటే మిగిలితే దాని రోజులు అయిపోయాయి, లేబుల్ మీద ఏ పేరున్నా సరే. పాతది కదా అని తలూపే బ్యాచ్‌ని పట్టించుకోకండి.

గోంగూర మటన్ పక్కన ఇది తెరవొద్దు, ఆ కారానికి, పులుపుకి ఏమీ మిగలదు. పోయాక్ వాళ్లు లేత గొర్రెపిల్ల మాంసంతో తాగుతారు, ఉప్పు మిరియాల రోస్ట్ ఏదైనా మనకి సరిపోతుంది.

ప్రాక్టీస్: పోసిన వెంటనే, 20 నిమిషాలకి, గంటకి, మూడుసార్లు నోట్స్ రాయండి, ముందు రాసింది చూడకుండా. ఆఖర్న బాటిల్ అడుగున మిగిలిన మడ్డి వైన్ ఒక స్పూన్ నోట్లో వేసుకోండి, ఇసుకలా గరగర, చేదు, దాన్ని ఎందుకు వదిలేశామో నాలుకకే తెలుస్తుంది. వచ్చే భాగంలో కుడి గట్టుకి దాటి పొమెరోల్ అనే ఊళ్లో మెర్లో ద్రాక్షతో చేసే వైన్ చూద్దాం, ఈ నోట్స్ దగ్గర పెట్టుకోండి, పోల్చడానికి కావాలి.