కొత్త క్లినికల్ సైకాలజిస్టులకు: సంతకం, బోర్డు, హద్దులు

ఎం.ఫిల్. ముగించుకొని సొంత గది తెరిచే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను మొదట ఫీజు గురించి అడుగుతారు. బోర్డుతో మొదలుపెట్టమని నేను చెబుతాను. మీ పేరు, చదువు, ‘క్లినికల్ సైకాలజిస్టు’, దాని కింద ఆర్.సి.ఐ. (భారత పునరావాస మండలి) కేంద్ర రిజిస్టరు నంబరు ఉంటే చాలు. రాసేవాడు తనంతట తానే ‘మానసిక వైద్యులు’ అని చేర్చుతుంటాడు, చెరిపించండి; ఆ మాట మందులు రాసే సైకియాట్రిస్టులది. పిహెచ్.డి. లేకపోతే పేరు ముందు ‘డాక్టర్’ పెట్టుకోకండి. ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు. వారిని ఆపలేకపోవచ్చు, లెటర్‌హెడ్ మీద మాత్రం అది ఉండకూడదు. రిజిస్ట్రేషన్ గడువు తేదీ రాసిపెట్టుకోండి.

అసలు ఒత్తిడి రిపోర్టుల దగ్గర వస్తుంది. 1992 ఆర్.సి.ఐ. చట్టం 13వ సెక్షన్ ప్రకారం, మనలాంటి పునరావాస నిపుణులు సంతకం చేయాలని చట్టం కోరే సర్టిఫికెట్ల మీద రిజిస్టరులో పేరున్నవారే సంతకం చేయాలి. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అందుకే మన సంతకానికి గిరాకీ. ఒక ఆసుపత్రి యాజమాన్యం, విద్యార్థులు చేసిన పరీక్షల కాగితాల కట్ట నా ముందు పెట్టి ‘సంతకం చేస్తే చాలు మేడమ్’ అంది. ‘నేను చూడని బిడ్డ గురించి నేను రాయలేనండి’ అన్నాను. మీరూ ఇదే మాట మర్యాదగా, గొంతు పెంచకుండా చెప్పండి. పరీక్ష మీరే చేయండి. తెలివితేటల పరీక్షకు బినే-కామత్ వాడారా, మాలిన్ స్కేలు వాడారా, ఏ తేదీన చేశారు, బిడ్డకు ఆ రోజు జ్వరం ఉందా, వైన్‌ల్యాండ్ (రోజువారీ పనుల నేర్పు) ప్రశ్నలకు జవాబిచ్చింది తల్లా, మేనత్తా, అన్నీ రాయండి. బిడ్డకు వికలాంగుల పింఛను కోసం ‘ఐ.క్యూ. కాస్త తగ్గించి వేయండమ్మా’ అని బతిమాలే తండ్రిని చూస్తే మనసు కరుగుతుంది. అంకె మార్చకండి. ఆయనకు అర్హత ఉండే ఇతర పథకాలేమిటో కూర్చోబెట్టి చెప్పండి, దానికి అరగంట పట్టినా సరే.

మందుల విషయంలో బేరం లేదు. నిద్రమాత్ర పేరు నోటితో కూడా చెప్పకండి. పాత చీటీ ఫోటో పంపి ‘ఆపేయమంటారా?’ అని అడిగితే, రాసిన సైకియాట్రిస్టుకు ఈరోజే ఫోన్ చేయమనండి. దిగులు, నీరసం, బరువు పెరగడం కలిసి కనిపిస్తే థైరాయిడ్ పరీక్షకు పంపండి. ఆత్మహత్య ఆలోచనలు బయటపడితే ఒక్కరే మోయకండి. కుటుంబాన్ని, సైకియాట్రిస్టును వెంటనే కలపండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరు ఇవ్వండి.

ఎం.ఏ. చదివిన కౌన్సెలర్లను చిన్నచూపు చూడకండి. దాంపత్య తగాదాలు, పరీక్షల భయం వంటి వాటిలో వారి చేయి మనకంటే తిరిగినది కావచ్చు. కొద్ది వారాల కోర్సుతో ‘సైకాలజిస్టు’ బోర్డు కట్టినవారి గురించి మాత్రం అడిగినవారికి ఒకటే చెప్పండి: రిజిస్టరు నంబరు అడిగి, ఆర్.సి.ఐ. వెబ్‌సైటులో పేరు వెతకమని.

వేరేవారి దగ్గరకు పంపినప్పుడల్లా ఉత్తరం రెండు ప్రతులు తీయండి. ఏం గమనించారు, ఏం అడుగుతున్నారు, చికిత్సలో మీరు చేయబోయేది ఏమిటి అన్నది నాలుగు వాక్యాల్లో రాసి, ఒక ప్రతి ఫైలులో పెట్టండి.