బార్బరా స్టాన్విక్ సినిమాలను ఏ వరుసలో చూడాలి?

1927 నుంచి 1964 వరకు 80కి పైగా చిత్రాల్లో నటించిన ఒక హాలీవుడ్ నటిని క్షుణ్ణంగా చూద్దామని సంకల్పించినవారు సాధారణంగా ఆమె చిత్రాల జాబితా తెరిచి, పైనుంచి కిందికి ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళతారు. బార్బరా స్టాన్విక్ విషయంలో ఆ పద్ధతి కలిసిరాదు. ఆమె తొలిసారి కనిపించినది ఒక మూకీ చిత్రంలో, అదీ చిన్న పాత్రలో. 1929లో వచ్చిన ‘ది లాక్డ్ డోర్’ టాకీలు తప్పటడుగులు వేస్తున్న రోజుల నాటిది. మైకు ఎక్కడ దాచారో అక్కడికే నటులు వచ్చి నిలబడి మాట్లాడుతున్నట్లు ఉంటుంది. అక్కడ మొదలుపెట్టినవారిలో చాలామంది మూడో సినిమా దాకా వెళ్లరు.

నేను సూచించే పద్ధతి జంటలుగా చూడడం. దీనికి కారణం ఆమె వృత్తిజీవితంలోనే ఉంది. ఆనాటి తారలలో అత్యధికులు ఏదో ఒక స్టూడియోకు ఏళ్ల తరబడి కట్టుబడి ఉండగా, స్టాన్విక్ తన వృత్తిజీవితంలో ఎక్కువ భాగం ఏ ఒక్క సంస్థ గుత్తసొత్తూ కాకుండా సినిమాకు సినిమాగా ఒప్పందం చేసుకుంటూ పనిచేసింది. అందువల్ల కాప్రా, వెల్‌మన్, కింగ్ విడోర్, ప్రెస్టన్ స్టర్జెస్, హాక్స్, బిల్లీ వైల్డర్, ఫ్రిట్జ్ లాంగ్, ఆంథొనీ మాన్, డగ్లస్ సర్క్, శామ్యూల్ ఫుల్లర్ వంటి ఒకరితో ఒకరికి పోలిక లేని దర్శకుల చేతుల్లో ఆమె కనిపిస్తుంది. ఆమెలో ఏది మారిందో, ఏది మారలేదో తెలియాలంటే ఏదో ఒకటి స్థిరంగా ఉండే రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టుకోవాలి. ఆ స్థిరమైనది దర్శకుడు కావచ్చు, సహనటుడు కావచ్చు, కథాంశమైనా కావచ్చు.

మొదటి జంటగా 1941లోనే వచ్చిన ‘ది లేడీ ఈవ్’, ‘బాల్ ఆఫ్ ఫైర్’ తీసుకోండి. రెండింటిలోనూ లోకజ్ఞానం గల స్త్రీ ఒక పుస్తకాల పురుగును బుట్టలో వేసుకోబోయి తానే ప్రేమలో పడుతుంది. ‘ది లేడీ ఈవ్’లో ఓడ భోజనశాల సన్నివేశాన్ని ఒకసారి చూసి, వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. పాములపై పరిశోధన చేసే కోటీశ్వరుని కొడుకుగా హెన్రీ ఫోండా ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటాడు. అతడి చూపు తమ మీద పడాలని చుట్టూ ఉన్న ఆడవారంతా నానా పాట్లు పడుతుంటారు. స్టాన్విక్ అతడికి వీపు పెట్టి కూర్చుని, పౌడరు డబ్బీ అద్దంలో ఆ తతంగమంతా చూస్తూ, ఎవరు ఏం చేయబోతున్నారో, మనసులో ఏమనుకుంటున్నారో తానే వ్యాఖ్యానం చెబుతుంది. చివరకు అతడు లేచి తన బల్ల పక్కగా వెళుతుండగా తాపీగా కాలు చాచి పడేస్తుంది. అంతసేపూ ఆమె కుర్చీలోంచి కదలదు. సన్నివేశం మొత్తం గొంతు మీద, కళ్ల మీద నడుస్తుంది. తరువాత అదే స్త్రీ ఇంగ్లండు దొరసానిగా తిరిగి వచ్చినప్పుడు ముఖానికి మారువేషం ఏమీ ఉండదు, మారేది యాస, నడక, దుస్తుల తీరు మాత్రమే. ఆ దుస్తులు ఎడిత్ హెడ్ రూపొందించినవి. ఈ చిత్ర రచయిత, దర్శకుడు స్టర్జెస్ సంభాషణలు చాలా వేగంగా సాగుతాయి కనుక ఇంగ్లీషు బాగా వచ్చినవారు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మంచిది.

తరువాత ఫ్రెడ్ మాక్‌మరేతో చేసిన చిత్రాలకు వెళ్లండి. వారిద్దరూ కలిసి నటించిన నాలుగింటిలో 1953 నాటి ‘ది మూన్‌లైటర్’ను వదిలేసినా నష్టం లేదు. మిగిలిన మూడింటిని మాత్రం వచ్చిన క్రమంలోనే చూడాలి. ‘రిమెంబర్ ద నైట్’ (1940)లో ఆమె దుకాణంలో నగ దొంగిలించిన యువతి, అతడు ఆమెకు శిక్ష వేయించవలసిన ప్రభుత్వ న్యాయవాది. ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944)లో ఆమె భర్తను చంపించే భార్య, అతడు బీమా ఏజెంటు. ‘దేర్స్ ఆల్వేస్ టుమారో’ (1956)లో ఇద్దరూ నడివయసువారు: అతడు సంసారంలో ఎవరికీ పట్టని తండ్రి, ఆమె చాలా ఏళ్ల తరువాత తిరిగి కలిసిన పాత పరిచయస్థురాలు. ఆమె గురించి ఏ వ్యాసమూ చెప్పలేనంత ఈ మూడు చిత్రాలే చెబుతాయని నా అభిప్రాయం.

వాటిలో ‘డబుల్ ఇండెమ్నిటీ’ దగ్గర కొంత ఎక్కువసేపు ఆగాలి. హంతకురాలి పాత్ర వేయడానికి ఆమె జంకితే, నువ్వు నటివా, ఎలుకవా అని దర్శకుడు వైల్డర్ అడిగాడన్న సంగతి ఆమే చెప్పుకున్నది. హత్య జరిగే సన్నివేశంలో కారు నడుపుతున్నది ఆమె. పక్క సీటులో భర్త, వెనుక సీటు చాటున మాక్‌మరే. అనుకున్న చోటికి రాగానే ఆమె మూడుసార్లు హారన్ మోగిస్తుంది. ఆపైన కెమెరా హత్యను చూపించదు, ఆమె ముఖం మీదనే నిలిచిపోతుంది. ఆ కొద్ది క్షణాల్లో ఆమె కనుబొమ కూడా ఎగరదు, అయినా లోపల ఏదో కదిలినట్లు మనకు స్పష్టంగా తెలుస్తుంది. ఆ చిత్రంలోని బంగారు రంగు విగ్గు ఎబ్బెట్టుగా ఉన్నదని అప్పట్లోనే విమర్శ వచ్చింది. నా దృష్టిలో ఆ స్త్రీకి ఆ చవకబారుతనమే కావాలి.

మూడో మెట్టు కాప్రా. అతడు ఆమెతో అయిదు చిత్రాలు తీశాడు. ‘లేడీస్ ఆఫ్ లెజర్’ (1930), ‘మీట్ జాన్ డో’ (1941) చూస్తే ఆ ప్రయాణానికి రెండు కొసలూ దొరుకుతాయి. స్టాన్విక్ తన సర్వస్వాన్నీ మొదటి టేక్‌లోనే ధారపోస్తుందనీ, మళ్లీ మళ్లీ తీస్తే ఆ వేడి తగ్గుతుందనీ కాప్రా మొదట్లోనే గ్రహించి, మిగతా నటులకు ఆమె లేకుండానే రిహార్సల్ చేయించి, ఒకటికి మించిన కెమెరాలతో ఆమె సన్నివేశాలను ఒకేసారి చిత్రించేవాడు. ఇది తెలిసి చూస్తే ఆ ఉద్వేగ ఘట్టాల్లోని చిన్న చిన్న తడబాట్లు లోపాలుగా అనిపించవు. ‘మీట్ జాన్ డో’ కాపీహక్కు అమెరికాలో పునరుద్ధరణ కాకపోవడం వల్ల ఇంటర్నెట్‌లో ఎక్కడపడితే అక్కడ ఉచితంగా దొరుకుతుంది కానీ, ఆ ప్రింట్లలో చాలావరకు మసకబారినవే. రెండు మూడింటిని తెరిచి, ముఖాలు తేటగా ఉన్నదానిని ఎంచుకోండి.

ప్రింటు విషయంలో అసలు జాగ్రత్త ‘బేబీ ఫేస్’ (1933)కు అవసరం. 1934 మధ్య నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్ అనే సినిమా నీతి నియమావళిని కఠినంగా అమలు చేయడం మొదలైంది. దానికి ముందు వచ్చిన ఈ చిత్రంలో పేదింటి పిల్ల ఒకతె బ్యాంకులో మగవారిని ఒకరి తరువాత ఒకరిని వాడుకుంటూ పై అంతస్తులకు చేరుతుంది. ఆమెతోపాటు కెమెరా కూడా భవనం బయట కిటికీల మీదుగా పైకి పాకుతుంది. న్యూయార్కు సెన్సారు ఒప్పుకోకపోవడంతో స్టూడియో దానిని కత్తిరించి, ముసలి చెప్పులవాడు జర్మన్ తత్త్వవేత్త నీచే పుస్తకం పట్టుకుని ఇచ్చే సలహాను నీతిబోధగా మార్చి విడుదల చేసింది. కోతలు లేని ప్రతి 2004లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భాండాగారంలో బయటపడింది. కనుక చూసే ముందు నిడివి సరిచూసుకోండి: 71 నిమిషాలుంటే అది కోసిన ప్రతి, 76 నిమిషాల దగ్గర ఉంటే అసలుది. దీనికి జంటగా ‘స్టెల్లా డల్లాస్’ (1937) చూడాలి. అదీ కింది తరగతి నుంచి పైకి రాదలచిన స్త్రీ కథే. అయితే ఇక్కడ ఆమె తాను తప్పుకుని కూతురిని పైకి పంపుతుంది. ఆస్కార్‌కు ఆమె పేరు మొదటిసారి పరిశీలనకు వచ్చినది ఈ చిత్రానికే. మొత్తం నాలుగుసార్లు అలా వచ్చినా పోటీలో ఒక్కసారీ దక్కలేదు, 1982లో గౌరవ పురస్కారం మాత్రం ఇచ్చారు.

టీవీలో చూసేవారికి ఒక సాంకేతిక సూచన. 1953కు ముందటి ఈ చిత్రాలన్నీ దాదాపు చదరపు ఆకారంలో తీసినవి. తెర నిండాలని బొమ్మను అడ్డంగా సాగదీస్తే ముఖాలు ఉబ్బి, ఆమె సన్నని కవళికలు పాడవుతాయి. ఇరువైపులా నల్లని పట్టీలు ఉండనివ్వండి. ‘ఫార్టీ గన్స్’ (1957) ఇందుకు భిన్నం, అది సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పైన తెర. అందులో రికాబులో కాలు చిక్కుకుని గుర్రం వెంట నేల మీద ఈడ్చుకుపోయే ఘట్టాన్ని, దాదాపు 50 ఏళ్ల వయసులో, డూప్ లేకుండా ఆమే చేసింది. ఆమె వెస్టర్న్‌లలో (కౌబాయ్ తరహా చిత్రాలలో) దీనిని, ఆంథొనీ మాన్ తీసిన ‘ది ఫ్యూరీస్’ (1950)నూ చూస్తే సరిపోతుంది.

1960ల సినిమాలపై సమయం వెచ్చించనక్కరలేదు. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పక్కన చేసిన ‘రౌస్టబౌట్’ అతడి అభిమానులకు. ఆ దశలో ఆమె అసలు పని టెలివిజన్‌కు మళ్లింది. 1965 నుంచి 1969 దాకా నడిచిన ‘ది బిగ్ వ్యాలీ’లో ఏవైనా రెండు మూడు భాగాలు చూసి, 1983 నాటి ‘ది థార్న్ బర్డ్స్’కు వెళ్లండి. యువ మతగురువు మీద మనసుపడిన ధనిక వృద్ధురాలిగా ఆమెకు మూడో ఎమ్మీ (అమెరికా టీవీ పురస్కారం) తెచ్చిన పాత్ర అది. కథ సగానికి రాకముందే ఆ పాత్ర ముగుస్తుంది కనుక, ఆమె కోసమే చూసేవారు అక్కడ ఆపేయవచ్చు.