పిల్లల్లో థైరాయిడ్ – 4వ పాఠం: మాత్ర నలిపి పట్టడం

పుట్టుకతోనే థైరాయిడ్ తక్కువైన బిడ్డకి రోజూ పట్టే థైరాక్సిన్ మాత్ర గురించి ఈ పాఠం. పోయిన పాఠంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోను) చదవడం నేర్పాను. రిపోర్టు నార్మల్ రాగానే కొందరు మాత్ర ఆపేశారు! నార్మల్ అంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. మొదటి మూడేళ్లూ మెదడు ఎదిగే కాలం, ప్రయోగాలకి చోటు లేదు. మూడేళ్లు నిండాక కొందరికి డాక్టరే ఓ నాలుగు వారాలు ఆపించి రక్తం చూస్తారు. అది ఆయన నిర్ణయం, మనది కాదు.

ఇంకో టెన్షన్: రిపోర్టులో పక్కన అచ్చయ్యే రేంజి చాలాచోట్ల పెద్దవాళ్లది. పుట్టిన అరగంటకి టీఎస్‌హెచ్ 60 దాటడం మామూలే, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. పసిబిడ్డ అంకెని ఆ రేంజితో పోల్చకండి.

ఇక మాత్ర. రెండు స్టీలు చెంచాల మధ్య మెత్తగా నలిపి, చెంచాడు తల్లిపాలో నీళ్లో కలిపి పట్టండి. నా ఓటు ఉగ్గుగిన్నెకే. అడుగున అంటిన పొడిని మరో నాలుగు చుక్కలతో కడిగి అదీ పట్టాలి. వెంటనే మొత్తం కక్కేస్తే మళ్లీ పట్టడమే.

పాల సీసాలో మాత్రం కలపొద్దు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే చేస్తారు! బిడ్డ సగం తాగి నిద్రపోతే సగం మందు సీసాలోనే. మొత్తం తాగినా గోడకీ, పీకకీ అంటుకున్నది పోయినట్టే. మొదట్లో డోసు కిలోకి 10–15 మైక్రోగ్రాములు. మూడు కిలోల బిడ్డకి 30–45. ఇంత చిన్న డోసులో కొంచెం పోయినా లెక్కే. అప్పుడు టీఎస్‌హెచ్ దిగదు, డాక్టరు డోసు పెంచుతారు, తప్పేమో సీసాది. వారానికి సరిపడా నూరి సిరప్‌లో కలిపి పెట్టడమూ ఇంతే. నీళ్లలో కలిశాక ఈ మందు నిలవ ఉండదు, ఎప్పటికప్పుడు నలపాల్సిందే.

ఐరన్ చుక్కలు, కాల్షియం సిరప్ నాలుగు గంటలు ఎడంగా వేయండి. సోయా పాలపొడి వాడుతుంటే డాక్టరుకి చెప్పండి. ఖాళీ కడుపు కోసం పసివాణ్ణి ఆకలితో ఏడిపించక్కర్లేదు. రోజూ ఒకే టైము, ఒకే తీరు చాలు. మర్చిపోతే గుర్తొచ్చాక ఆ రోజే పట్టండి.

అభ్యాసం: చిటికెడు పసుపు పాల సీసాలో కలిపి, పాలు పారబోసి, సీసా అడుగూ పీకా చూడండి. ఆ తర్వాత వచ్చే రక్త పరీక్షదాకా రోజూ రాయండి: మాత్ర టైము, ఐరన్ టైము, కక్కాడా లేదా. ఒక్క రోజూ ఖాళీ ఉండకూడదు. ఆ కాగితం రిపోర్టుతోపాటు డాక్టరుకి చూపించండి.